ఏ గడప, ఎవరి గడప?

చెల్లెమ్మా,

తెలంగాణ సాయుధ పోరాటంలో ఆడవాళ్ల గురించి నువ్వు రాసిన రెండు అధ్యాయాలూ చదివాను. ఎంత కష్టపడ్డావో ప్రతి పేజీలో తెలుస్తోంది. ఒక్క వాక్యం దగ్గర మాత్రం ఆగిపోయాను. "ఈ పోరాటంతో తెలంగాణ స్త్రీ గడప దాటి బయటికొచ్చింది" అన్నావు. ఏ స్త్రీ?

మల్లు స్వరాజ్యం గారి విషయంలో ఆ మాట నిజమే. భూస్వామి కుటుంబంలో పుట్టి, ఆడపిల్లలు గుమ్మం దిగకూడదనే కట్టుబాట్ల మధ్య పెరిగి, చివరికి తుపాకీ పట్టి దళంలో తిరిగింది. ఆమెను పట్టిస్తే 10,000 రూపాయలిస్తామని ప్రభుత్వం ప్రకటించింది. అదే వాక్యాన్ని పాలకుర్తి ఐలమ్మ పక్కన పెట్టి చూడు. నిలవదు. ఇల్లిల్లూ తిరిగి మైలబట్టలు మూట కట్టుకుని రేవుకు మోయడం చాకలి ఆడవాళ్ల రోజువారీ పని. గడీ నుంచి కబురొస్తే ఉన్న పని వదిలేసి వెట్టికి పోవాలి. ఆమెను గడప లోపల ఉండనిచ్చిందెవరు? దొర పిలిచినా పోనని చెప్పి తన పొలంలో తాను నిలబడగలగడమే ఆమెకు స్వేచ్ఛ.

ఆ పొలం సంగతి ఇంకొంచెం వివరంగా రాయాలి నువ్వు. ఐలమ్మ మల్లంపల్లి దొర దగ్గర భూమి కౌలుకు తీసుకుంది. ఊళ్లో అధికారం మాత్రం పెద్ద భూస్వామి అయిన విసునూరు దేశ్‌ముఖ్‌ది. దొరల దౌర్జన్యానికి ఎదురుగా అక్కడ జనం ఆంధ్ర మహాసభ సంఘం పెట్టుకున్నారు, ఆమె అందులో చేరింది. పంట చేతికొచ్చే వేళకు దేశ్‌ముఖ్ మనుషులు దాన్ని ఎత్తుకుపోవడానికి వచ్చారు. సంఘపోళ్లు అడ్డం నిలబడి, కోత కోసి, ధాన్యం ఆమె ఇంటికి చేర్చారు. ఆ తర్వాత దేశ్‌ముఖ్ మనుషులు ఆమె ఇల్లు తగలబెట్టారు, ఇంటి మగవాళ్లను జైల్లో పెట్టించారు. ఆమె మాత్రం భూమి వదల్లేదు.

వర్గం గురించి రాసేవాళ్లు ఆమెను రైతు అన్నారు. కులం గురించి రాసేవాళ్లు చాకలి ఐలమ్మ అన్నారు. స్త్రీల గురించి రాసేవాళ్లు వీరనారి అన్నారు. మూడూ నిజమే. కానీ దేశ్‌ముఖ్‌కు అంత కోపం ఎందుకొచ్చిందో విడివిడిగా ఏ ఒక్కటీ చెప్పదు. కౌలు రైతులు ఇంకెందరో ఉన్నారు. తన బట్టలు ఉతకాల్సిన కులంలో పుట్టిన మనిషి, అందులోనూ ఆడది, సొంతంగా సేద్యం చేసి, సంఘంలో చేరి ఎదురు నిలవడం అతను ఓర్చుకోలేకపోయాడని నా అభిప్రాయం. ఆ మూడూ ఒకే మనిషిలో కలిసిన చోటే నీ అధ్యాయం మొదలవ్వాలి.

ఈ చూపుకు ఇంటర్‌సెక్షనాలిటీ అని 1989లో పేరు పెట్టింది కింబర్లే క్రెన్‌షా అనే అమెరికా నల్లజాతి న్యాయశాస్త్రవేత్త. ఆమె ఎత్తి చూపిన కేసుల్లో ఒకటి జనరల్ మోటార్స్ మీద అయిదుగురు నల్లజాతి ఆడవాళ్లు వేసింది. 1964కి ముందు ఆ కంపెనీ నల్లజాతి ఆడవాళ్లను ఉద్యోగంలోకి తీసుకోలేదు. తర్వాత చివర చేరినవాళ్లనే ముందు తీసేస్తామనేసరికి వీళ్ల ఉద్యోగాలు పోయాయి. ఆడవాళ్లను తీసుకున్నారు కదా, ఇక ఆడవాళ్ల మీద వివక్ష ఎక్కడ; నల్లవాళ్ల మీద వివక్ష అయితే వేరే కేసులో కలవండి; రెండూ కలిపి చూడం అన్నట్టు 1976లో కోర్టు తీర్పిచ్చింది. ఉన్న ఆడవాళ్లు తెల్లవాళ్లు. నల్లవాళ్లలో ఉన్నది మగవాళ్లు. నీ రెండో అధ్యాయంలో "స్త్రీలు" అనీ "దళిత బహుజనులు" అనీ రెండు భాగాలున్నాయి. ఐలమ్మలాంటి వాళ్లు ఆ రెంటి మధ్యా జారిపోతున్నారు.

ఆడవాళ్లందరినీ ఒక గాటన కట్టకు. విసునూరు దేశ్‌ముఖ్ తల్లి జానమ్మ కూడా ఆడదే. కడవెండిలో వెట్టి ఆడవాళ్లు ఆమె పేరు చెబితేనే వణికారు. 1946 జులై 4న దేశ్‌ముఖ్ మనుషుల కాల్పుల్లో సంఘం మనిషి దొడ్డి కొమరయ్య ప్రాణం పోయింది ఆ ఊళ్లోనే. అలాగే ఇదంతా ముస్లిం ప్రభువైన నిజాం, హిందూ ప్రజల కథ అనేవాళ్లు నీకు చాలామంది తగులుతారు. వాళ్లకు కామారెడ్డిగూడెం షేక్ బందగీ సంగతి చెప్పు. భూమి కోసం కోర్టుకెక్కిన ఆ పేద ముస్లిం రైతును చంపించింది హిందూ దేశ్‌ముఖే.

ఇక పని సంగతి. వెట్టికి కూలి లేదు కాబట్టి లెక్కా లేదు. కచేరీ కాగితాల్లో పట్టాదారు కనిపిస్తాడు, వెట్టి చేసిన ఆడమనిషి పేరు కనిపించడం కష్టం. అందుకే స్త్రీశక్తి సంఘటన అనే స్త్రీవాద బృందం, 1986లో వచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' పుస్తకం కోసం ఆ ఆడవాళ్ల దగ్గరికే వెళ్లి, వాళ్ల నోటే చెప్పించుకుంది. ఐలమ్మ 1985లో కన్నుమూసింది. ఆ తరంలో ఇప్పుడు మిగిలినవాళ్లు బహు కొద్దిమంది. వాళ్ల కూతుళ్లూ కోడళ్లూ ఉన్నారు, వాళ్లను అడుగు.

నువ్వు ఊళ్లోకి వెళ్లినప్పుడు ఎవరింట్లో దిగుతున్నావో చూసుకో. పెద్దిళ్ల అరుగు మీద కూర్చుని చాకలివాడ సంగతులు అడిగితే జవాబు అక్కడే మారిపోతుంది. పోరాటం గురించే కాకుండా అన్నం గురించి అడుగు. దళాలకు ఎవరు వండారు, ఎవరు మోశారు, ఎవరింట్లో తిన్నారు, ఎవరింట్లో తినలేదు? పోరాటం విరమించాక 1951 తర్వాత ఎవరు ఏ పనికి తిరిగి వెళ్లారో అడుగు. స్వరాజ్యం గారు తర్వాత అసెంబ్లీకి వెళ్లారు. మిగతావాళ్లు ఎక్కడికి వెళ్లారు?

ఎక్కువ పేర్లు దొరకవని టెన్షన్ పడకు. ఇద్దరు మనుషుల గురించి పూర్తిగా తెలిసినా చాలు. రెండో అధ్యాయంలో ఆ రెండు భాగాలూ కలిపేసి, ఐలమ్మ పొలం దగ్గర మొదలుపెట్టి మళ్లీ రాయి. రాసింది నాకు పంపు. ఈసారి ఒక్కో పేరా పక్కన ఆ మాట నీకు ఎవరు, ఎక్కడ కూర్చుని చెప్పారో కూడా రాసి పంపు.

ప్రేమతో,
నీ అక్క