ఆసుపత్రిలో అమ్మ పాటలు వినడానికి ఏ ప్లేయర్ కొనాలి?

మీరు అడిగింది ఇదీ: అమ్మగారికి తుంటి ఎముక ఆపరేషన్, కావలి నుంచి చెన్నై తీసుకొస్తున్నారు, పది పన్నెండు రోజులు ఉండాల్సి రావచ్చు, స్మార్ట్‌ఫోన్ ఆవిడకి అలవాటు లేదు, మూడు వేల లోపు కార్వాన్ (పాత పాటలు ముందే ఎక్కించి అమ్మే స్పీకర్ పెట్టె) లాంటిది కొనాలా, చిన్న ఎంపీ3 ప్లేయర్ కొనాలా అని. నా మాట ముందే చెప్పేస్తా. రెండూ వద్దు, మెమరీ కార్డు పట్టే కీప్యాడ్ ఫోన్ ఒకటి కొనండి. నోకియా 110 లాంటిది. దాన్ని ఫోన్ అనుకోకండి, బటన్లున్న పాటల పెట్టె అనుకోండి. అందులో ఎంపీ3 ప్లేయర్ ఉంటుంది, 32 జీబీ దాకా కార్డు పడుతుంది, ఇయర్‌ఫోన్ గుచ్చుకునే మామూలు 3.5 ఎంఎం రంధ్రం ఉంటుంది, పైగా టార్చి. మీ బడ్జెట్‌లో కార్డు, ఇయర్‌ఫోన్లు కూడా కలిసొస్తాయి.

ఎందుకంటున్నానో వినండి. మా నాన్నకి బైపాస్ ఇక్కడే చెన్నైలో చేయించాం. నెల్లూరు మనిషి, రేడియో మోగకపోతే ఇంట్లో ఎవరూ లేనట్టుందనే రకం. ఆపరేషన్‌కి ముందు ఇక్కడి ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌కి వెళ్ళి చొక్కాకి తగిలించుకునే చిన్న ఎంపీ3 ప్లేయర్ ఒకటి తెచ్చాను, ఇంట్లో వాడకుండా పడున్న కీప్యాడ్ ఫోన్‌లో కూడా అవే పాటలు ఎక్కించి రెండూ దిండు పక్కన పెట్టాను. ఆయన చెయ్యి ఎప్పుడు చూసినా ఫోన్ మీదకే పోయేది. పక్కన కూర్చుని చూస్తే కారణం అర్థమైంది. ఎడమ చేతి వెనక క్యాన్యులా (సెలైన్ ఎక్కించే సన్న గొట్టం), దాని మీద ప్లాస్టరు, అదే చేతి వేలికి ఆక్సిజన్ చూసే క్లిప్పు. ఇక మిగిలింది కుడి చెయ్యి ఒక్కటే, అదీ వెల్లకిలా పడుకున్న మనిషి చెయ్యి. ఆ క్లిప్ ప్లేయర్ బటన్లేమో బియ్యపు గింజంత ఉన్నాయి, ఒకే బటన్ ఒకసారి నొక్కితే ఆగుతుంది, రెండుసార్లు నొక్కితే తర్వాతి పాట, కాసేపు నొక్కి పట్టుకుంటే మొత్తం ఆఫ్. మందుల మత్తులో ఉన్నవాళ్ళకి ఒకసారికీ రెండుసార్లకీ తేడా ఏం గుర్తుంటుంది? ఫోన్‌లో అయితే నడుమ బటన్ నొక్కితే పాట ఆగుతుంది, కుడి పక్క నొక్కితే తర్వాతి పాట, పైకీ కిందకీ సౌండు. చీకట్లో కళ్ళజోడు లేకుండా బొటనవేలితో పని అయిపోతుంది.

కొట్లో మనం సౌండ్ క్వాలిటీ చూస్తాం, బ్లూటూత్ వెర్షన్ చూస్తాం. ఆసుపత్రి మంచం మీద అవేవీ లెక్కలోకి రావు. ఒక్క చేత్తో, పడుకుని, లైటు వెయ్యకుండా, ఎవర్నీ పిలవకుండా వాడుకోగలరా లేదా, అంతే. రాత్రి రెండింటికి మెలకువ వచ్చి నిద్ర పట్టకపోతే పక్కన కుర్చీలో కునుకు తీస్తున్న కొడుకునో కూతుర్నో లేపి 'ఆ పాట పెట్టు' అని అడగడం మన పెద్దవాళ్ళు చెయ్యరు, ఊరికే పైకప్పు చూస్తూ పడుకుంటారు.

కార్వాన్ గురించి. మంచి వస్తువే, 2017లో వచ్చింది, 5,000 పాటలు ముందే ఎక్కించి ఇస్తారు, మన శ్రమ మిగులుతుంది, తెలుగు పాటలతోనూ దొరుకుతుంది. కానీ పెద్దది మీ బడ్జెట్ దాటుతుంది, మంచం మీద పెట్టుకునేదీ కాదు, మంచం పక్కనుండే లాకర్ మీద పెడితే ఆవిడకి చెయ్యి అందదు. పైగా అది స్పీకర్ పెట్టి నలుగురూ వినడానికి చేసిన సరుకు. షేరింగ్ రూమైతే తెర అవతల ఇంకో పేషెంటు ఉంటారు, వాళ్ళకి మన పాత పాటలు నచ్చాలని రూలేం లేదు. మన శబ్ద కాలుష్య నియమాల ప్రకారం (2000 నాటివి) ఆసుపత్రి చుట్టూ వంద మీటర్లు నిశ్శబ్ద మండలం, రాత్రి పూట హద్దు 40 డెసిబెల్స్. బయట హారన్‌కే అంత పట్టింపు ఉన్నప్పుడు గదిలో స్పీకర్ పెడితే సిస్టర్ ఊరుకోదు, ఊరుకోకూడదు కూడా. ఇంటికెళ్ళాక కొనిపెట్టండి, వాకర్‌తో నడక ప్రాక్టీసు చేసేటప్పుడు బాగుంటుంది.

పాత ఐపాడ్ ఎవరైనా ఇస్తామంటే వద్దనండి. ఆపిల్ వాటిని 2022లోనే ఆపేసింది, బ్యాటరీ ముసలిదైపోయి ఉంటుంది, పాటలు ఎక్కించడం ఒక తలనొప్పి. రిచీ స్ట్రీట్‌లో మూడు నాలుగొందలకి దొరికే, స్క్రీన్ కూడా లేని బుల్లి ప్లేయర్లు ఇంకా అన్యాయం, ఆపి మళ్ళీ పెడితే మొదటి పాట దగ్గరికే పోయేవి వాటిలో చాలా ఉన్నాయి.

మీ అమ్మగారి విషయంలో ఇంకో సంగతి ఉంది, దీన్ని మాత్రం తేలిగ్గా తీసుకోకండి. తుంటి కీలు మార్చిన వాళ్ళని నడుము దగ్గర మరీ ముందుకు వంగొద్దంటారు, కింద పడ్డ వస్తువు అందుకోబోతే కీలు జారే ప్రమాదం ఉంది. ఏది కొన్నా అది మంచం మీంచి జారి కింద పడకూడదు. ఫోన్‌కి దారం కట్టుకునే రంధ్రం ఉంటే సరే, లేకపోతే రంధ్రమున్న రబ్బరు కవరు వేసి, జానెడు మెత్తటి దారంతో దిండు గలీబుకి పిన్నీసు పెట్టి కట్టండి. మెడలో వెయ్యొద్దు. మంచం పక్క కడ్డీకీ వద్దు, సిస్టర్లు దాన్ని దించినప్పుడల్లా లాక్కుపోతుంది. బ్లూటూత్ ఇయర్‌బడ్స్ వద్దనేది కూడా సగం ఇందుకే. అవి చెవిలోంచి ఊడి మంచం కిందకి దొర్లితే వాటి కోసం ఆవిడ వంగుతారు. ఇంకో సగం, వాటికి వేరే ఛార్జింగు, వేరే పెట్టె, పక్కకి తిరిగి పడుకుంటే చెవి నొప్పి.

వైరున్న మామూలు ఇయర్‌ఫోనే తీసుకోండి, కానీ ఒక చెవికే పెట్టండి. రెండు చెవులూ మూసేస్తే సిస్టర్ పిలిచినా వినపడదు, మనం ఏమన్నా చెప్పినా ఉలిక్కిపడతారు. బయటి చప్పుళ్ళు వినపడకుండా చేసే నాయిస్ క్యాన్సిలింగ్ రకం అసలొద్దు. క్యాన్యులా ఏ చేతికి ఉందో దానికి రెండో వైపు నుంచి వైరు రానివ్వండి, లేకపోతే సెలైన్ ట్యూబూ ఇదీ కలిసి జడల్లేస్తాయి. ఒక చెవితో వినేటప్పుడు ఒక ఇబ్బంది ఉంది, కొన్ని స్టీరియో పాటల్లో గొంతు ఒక పక్క, వాయిద్యాలు ఇంకో పక్క వినిపిస్తాయి, నాన్న 'వీణ తప్ప ఏం రావట్లేదురా' అన్నది ఇందుకే. కంప్యూటర్‌లో ఆడాసిటీ అనే ఉచిత ప్రోగ్రాంతో పాటల్ని మోనోగా, అంటే రెండు పక్కలా ఒకే సౌండు వచ్చేలా మార్చి ఎక్కిస్తే ఆ గొడవ పోతుంది. చెవి మిషన్ వాడే మనిషైతే చెవిలో దూర్చేవి కాకుండా చెవి మీద ఆనేవి తీసుకుని ముందే ఇంట్లో పెట్టి చూడండి.

అసలు పనంతా పాటలు ఎక్కించడంలో ఉంది, యంత్రం ఎంచుకోవడం దాని ముందు చిన్న విషయం. 32 జీబీ కార్డులో మామూలు నాణ్యత (128 కేబీపీఎస్) ఎంపీ3లు 500 గంటలకు పైగా పడతాయి, అలాగని నింపెయ్యకండి. వెయ్యి పాటల్లో తనకి కావలసింది వెతుక్కోవడం ఆవిడ వల్ల కాదు. ఓ నాలుగు ఫోల్డర్లు చాలు: పొద్దున్న భక్తి పాటలు, మధ్యాహ్నం పాత సినిమా పాటలు, సాయంత్రం ప్రవచనాలో హరికథలో, రాత్రికి నెమ్మదైనవి. తెలుగు అక్షరాల్లో పేర్లు పెడితే కొన్ని ఫోన్లలో గళ్ళు కనిపిస్తాయి, ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టి ముందు 001, 002 అని అంకెలు వెయ్యండి, కాపీ కూడా అదే వరసలో చెయ్యండి, ఎందుకంటే చవక ప్లేయర్లలో చాలావాటికి పేరుతో పని లేదు, కార్డులో ఏది ముందు పడితే అదే ముందు పాడతాయి. ప్రవచనం గంట ఫైలుగా ఉంటే పదేసి నిమిషాల ముక్కలు చెయ్యండి, మధ్యలో నిద్రపోతే మళ్ళీ మొదట్నుంచీ వినక్కర్లేదు. రాత్రి ఫోల్డర్‌లో అరగంటకి మించి పెట్టకుండా రిపీట్ తీసేస్తే అదే ఆగిపోతుంది. ఇంకొకటి, ఒక పాట గుసగుసలా, తర్వాతది పిడుగులా వస్తే పేషెంటు అదిరిపడతారు. ఎంపీ3గెయిన్ అని ఇంకో ఉచిత ప్రోగ్రాం ఉంది, అన్ని పాటల సౌండూ ఒకే మట్టానికి తెస్తుంది, తప్పకుండా వాడండి.

పాటలు మీ లెక్కన కాకుండా ఆవిడ లెక్కన ఎంచండి. మా అక్క పంపిన 'రిలాక్సేషన్ మ్యూజిక్', వాన చప్పుళ్ళు, వేణువులు నాన్న ఒక్కసారి విని 'ఇదేంటి, కొళాయి ఎవరన్నా కట్టెయ్యండి' అన్నాడు. ఘంటసాల పెడితే మాత్రం కాళ్ళ దగ్గర దుప్పటి కదిలేది. ఎఫ్‌ఎం ఉందిగా అనుకోవద్దు, నేను తిప్పి చూసినంతలో ఇక్కడ వచ్చేది దాదాపు అంతా తమిళమే. మన పాత పాటల్లో చాలావాటిని ఈ ఊళ్ళోనే, కోడంబాక్కం, వడపళని స్టూడియోల్లో రికార్డు చేశారు, వినాలంటే మాత్రం కార్డు పట్టుకెళ్ళాలి!

కార్డు పేరున్న కంపెనీది, బిల్లుతో కొనండి. పైన 128 జీబీ అని రాసి లోపల అంత ఉండని నకిలీలు తిరుగుతుంటాయి, పాటలు సగం ఎక్కాక చెడిపోతాయి. పెద్ద కార్డులు ఈ ఫోన్లు చాలావరకు చదవవు కూడా, 32 చాలు. ఛార్జరు తీగ రెండు మీటర్లది తీసుకెళ్ళండి, ప్లగ్గు ఎప్పుడూ మంచం తల వెనకే ఉంటుంది. అక్కడ ఇన్ఫ్యూజన్ పంపు (మందు కొలిచి ఎక్కించే మిషన్) గుచ్చి ఉంటే దాన్ని పీకి ఛార్జింగు పెట్టేవాళ్ళని నేను చూశాను, దయచేసి మీరు అలా చెయ్యకండి. సిమ్ వెయ్యకండి, వేస్తే బ్యాంకు లోన్ల వాళ్ళ ఫోన్లు మంచి పాట మధ్యలో వస్తాయి.

సౌండు గురించి ఒక్క మాట. వార్డుల్లో రాత్రి 30 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది గానీ మానిటర్ల బీప్‌లు, ట్రాలీ చక్రాలు, అటెండర్ల కబుర్లు ఎక్కడికి పోతాయి, వాటిని మించి వినపడాలని వీళ్ళు సౌండు పెంచుకుంటూ పోతారు. చెవిలో వినే సౌండు 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటల దాకా పర్లేదని అదే సంస్థ చెప్పింది. పక్కన నిలబడ్డ మనకి పాట స్పష్టంగా వినపడుతోందంటే తగ్గించాల్సిందే.

ఐసీయూలో ఉన్న రోజుల్లో దేన్నీ లోపలికి రానివ్వకపోవచ్చు, అడిగి చూడండి, కాదంటే వాదించకండి. ఎంఆర్ఐ గదికి తీసుకెళ్తుంటే ఫోను, ఇయర్‌ఫోను రెండూ మీ దగ్గరే ఉంచుకోండి. ఆవిడకి గుండె కొట్టుకోవడానికి ఛాతీలో పెట్టే పేస్‌మేకర్ ఉందేమో మీరు రాయలేదు. ఉంటే ఇయర్‌ఫోన్లు ఛాతీ మీద పెట్టుకుని పడుకోనివ్వద్దు, వాటిలో అయస్కాంతాలుంటాయి, కనీసం 3 సెంటీమీటర్ల దూరం ఉండాలంటారు, ఫోన్ అయితే 15. ఈ వయసులో తుంటి ఆపరేషన్ తర్వాత కొందరు సాయంత్రమయ్యేసరికి ఎక్కడున్నామో మర్చిపోయి కంగారు పడతారు, అలా ఉన్నప్పుడు చెవిలో ఏదీ పెట్టకుండా ముందు సిస్టర్‌కి చెప్పండి, కళ్ళజోడు పెట్టి పక్కన కూర్చుని మాట్లాడండి.

పాటల వల్ల నిజంగా లాభముందా అని మీ అన్నయ్య అంటున్నారని రాశారు కదా. 2015లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో 73 పరిశోధనలని కలిపి చూసిన వ్యాసం వచ్చింది. సంగీతం విన్నవాళ్ళకి ఆపరేషన్ తర్వాత నొప్పి, ఆందోళన తగ్గాయి, నొప్పి మందులు తక్కువ వాడారు, డిశ్చార్జి మాత్రం ముందుగా ఏం అవలేదు. అదీ దీని హద్దు. నొప్పి అంటే పాట పెట్టి సరిపెట్టకండి, మందు అడగండి.

కొనేటప్పుడు కొట్లోనే ఈ పని చెయ్యండి: మీ కార్డు అందులో వేయించి, స్క్రీన్ వైపు చూడకుండా, ఒక్క బొటనవేలితో పాట పెట్టి, ఆపి, సౌండు తగ్గించండి. ఆపి మళ్ళీ వేస్తే ఆగిన చోటనుంచి వస్తుందో, కనీసం అదే పాటనుంచైనా వస్తుందో చూడండి. ఆపరేషన్‌కి ఇంకా టైముంటే ఇవాళే కొని కావలిలోనే అమ్మగారి చేతికివ్వండి, అడ్మిట్ అయ్యేలోపు నాలుగు రోజులు వాడితే బటన్లు అలవాటైపోతాయి, ఏ పాటలు తీసెయ్యాలో కూడా ఆవిడే చెప్తారు.