టెలిగ్రామ్‌లో నీ నోట్సు: ఏ కాగితం ముందు, ఏ ఫిర్యాదు తర్వాత

చి. సుధీర్‌కు,

ఆశీస్సులు. అవనిగడ్డలో నువ్వు కష్టపడి తయారుచేసిన డీఎస్సీ నోట్సు, వీడియోలు ఎవరో టెలిగ్రామ్ చానల్లో 99 రూపాయలకు అమ్ముతున్నారని, రిపోర్ట్ కొట్టి తీయించేస్తానని రాశావు. ఒక్క రోజు ఆగు. చానల్ పోతే సాక్ష్యమూ పోతుంది. వాడు రేపు ఇంకో పేరుతో తెరుస్తాడు, నీ చేతిలో ఏమీ మిగలదు. ముందు పట్టుకో, ఆ తర్వాత తీయించు.

ఇవాళే కంప్యూటర్లో స్క్రీన్ రికార్డింగ్ పెట్టు. తెర మూల తేదీ, సమయం కనపడుతుండాలి. చానల్ పేరు, యూజర్‌నేమ్, సభ్యుల సంఖ్య, ఫైలు ఉన్న మెసేజ్, దాని లింకు, ఫైలు సైజు, ధర చెప్పిన చాట్ అన్నీ వరసగా చూపిస్తూ వెళ్లు. యూజర్‌నేమ్‌లు రాత్రికి రాత్రి మారిపోతాయి కాబట్టి ప్రతి ఫైలు లింకునూ విడిగా రాసిపెట్టుకో. ఒక ఫైలు నువ్వే కొను. నీ ఖాతా నుంచే యూపీఐలో డబ్బు పంపి లావాదేవీ నంబరు దాచిపెట్టు. ఆ ఖాతా ఎవరిదో బ్యాంకును అడిగే అధికారం పోలీసులకు ఉంది, మనకు లేదు. ఆ యూపీఐ ఐడీని విద్యార్థుల గ్రూపుల్లో పెట్టి దొంగ అని చాటింపు వేయకు. ఇలాంటి వాళ్లు ఎవడో అమాయకుడి ఖాతా వాడుకోవడం మామూలే.

దింపిన ఫైలును మార్చి సేవ్ చేయొద్దు. ఉన్నది ఉన్నట్టు ఉంచి దాని ఎస్‌హెచ్‌ఏ-256 హాష్ విలువ తీయి, అది ఫైలుకు వేలిముద్ర లాంటిది, ఒక్క అక్షరం మారినా మారిపోతుంది. విండోస్‌లోనే ఉండే సర్ట్‌యుటిల్ అనే కమాండ్‌తో ఒక్క లైనులో వస్తుంది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం 63(4) సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ సాక్ష్యంతో ఒక సర్టిఫికెట్ జతచేయాలి. అందులో పార్ట్-ఎ నువ్వు నింపి సంతకం పెట్టేది, పార్ట్-బి నిపుణుడు పెట్టేది. హాష్ విలువ రెండింట్లోనూ ఉండాలి. పాత సాక్ష్య చట్టం 65బి సెక్షన్ సర్టిఫికెట్ నమూనా ఇంకా ఇంటర్నెట్‌లో తిరుగుతూనే ఉంది, దాన్ని దింపి నింపావంటే అవతలి వకీలుకు నువ్వే పని తగ్గించినట్టు.

ఇక ఆ నోట్సు నీదేనని చూపించే సంగతి. కాపీరైట్ రచన పుట్టగానే వస్తుంది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. అయినా చేయించు. కాపీరైట్ చట్టం 48వ సెక్షన్ ప్రకారం ఆ రిజిస్టరు కోర్టులో ప్రాథమిక సాక్ష్యంగా చెల్లుతుంది. కాపీరైట్ కార్యాలయం వెబ్‌సైట్‌లో ఫారం-14 నింపి రుసుము కట్టగానే డైరీ నంబరు ఇస్తారు. అభ్యంతరాల కోసం 30 రోజులు ఆగుతారు, తర్వాతే పరిశీలన. పుస్తకం లాంటి సాహిత్య రచనకు రుసుము 500, వీడియో సినిమా కింద లెక్కకొస్తుంది కాబట్టి ఒక్కోదానికి 5,000. అందుకని వీడియోలన్నిటికీ చేయించి జేబు ఖాళీ చేసుకోకు. నోట్సుకు చేయించు, ఎక్కువగా అమ్ముడుపోయే ఒకటి రెండు వీడియోలకు చేయించు, చాలు.

చిన్న సంస్థలు బోల్తా పడేది అసలు ఇక్కడ. సైకాలజీ నోట్సు రాసిచ్చిన మాస్టారు నీ దగ్గర జీతానికి ఉన్నవారు కాదు, యూనిట్‌కు ఇంత అని తీసుకున్నారు. అలాంటప్పుడు ఆ నోట్సుకు మొదటి యజమాని ఆయనే, నువ్వు కాదు. బొమ్మలు గీసిన అబ్బాయితోనూ కాగితం రాయించుకోవడం మేలు. హక్కు నీకు బదలాయించినట్టు సంతకంతో కాగితం ఉండాలి, మాట సరిపోదు. ఆ కాగితంలో కాలం రాయకపోతే 5 ఏళ్లే అని, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అని చట్టం అనుకుంటుంది. కొన్న హక్కును ఏడాదిలోగా వాడకపోతే, వేరేలా రాసుకుంటే తప్ప, అది చెల్లకుండా పోతుంది. కాబట్టి కాలం, ప్రాంతం, పారితోషికం మూడూ స్పష్టంగా రాయించు. ఇంకో మాట, కోపం తెచ్చుకోకు: నోట్సులో తెలుగు అకాడమీ పుస్తకాల పేరాలు యథాతథంగా ఎత్తి పెట్టినవి ఉంటే ఫిర్యాదుకు ముందే తీసెయ్. ఎదుటివాడు మొదట వెతికేది అదే.

వాటర్‌మార్క్ గురించి అడిగావు. కొన్నవాడి ఫోన్ నంబరు ప్రతి పేజీలో పడేలా పెట్టావుగా, ఎవరి కాపీ బయటికి పోయిందో తెలియడానికి అది పనికొస్తుంది. ఆ నంబరు మార్జిన్‌లో ఉంటే కత్తిరించేస్తారు, అక్షరాల మీదుగా ఏటవాలుగా పడాలి. అయితే ఒక చిక్కు ఉంది. హక్కుల వివరాలను చెరిపినవాడికి 65బి సెక్షన్ కింద రెండేళ్ల దాకా జైలు, జరిమానా ఉన్నాయి (ఇది కాపీరైట్ చట్టంలోది, పైన చెప్పిన 65బి వేరు). కానీ వాడుకరిని గుర్తుపట్టే ఏర్పాటు ‘హక్కుల వివరాలు’ అన్న నిర్వచనంలోకి రాదని చట్టమే చెబుతోంది. అంటే ఫోన్ నంబరు ఒక్కటే ఉంటే ఈ సెక్షన్ పనిచేయదు. ప్రతి పేజీలో పుస్తకం పేరు, రచయిత పేరు, హక్కుదారు పేరు చిరునామా, వాడకం షరతు కూడా ఉంచు. అవి చెరిపితేనే అది వేరే నేరం.

ఇప్పుడు తీయించడం. కాపీరైట్ రూల్స్ 2013లోని 75వ నియమం కింద, ఫైలు నిల్వ ఉంచిన సంస్థకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. ఏ రచన, అది నీదేననడానికి ఆధారాలు, దొంగ కాపీ ఎక్కడుందో లింకు, అది నీ అనుమతి లేనిదని ఎలా అంటున్నావో, ఎవరు పెట్టారో తెలిస్తే ఆ వివరం. వీటితో పాటు, కోర్టులో దావా వేసి 21 రోజుల్లోగా ఉత్తర్వు తెచ్చిస్తానని హామీ రాయాలి. ఈ హామీ లేకుండా పంపే ఫిర్యాదులే ఎక్కువ, వాటికి సాకు చెప్పడం సులువు. అన్నీ సరిగా ఉంటే 36 గంటల్లో ఆపాలి. 21 రోజుల్లో ఉత్తర్వు రాకపోతే మళ్లీ తెరవచ్చు. అందుకే వకీలుతో దావా కాగితాలు సిద్ధం చేయించుకున్నాకే ఫిర్యాదు పంపు, గడియారం నీ చేతిలో ఉంటుంది.

కోర్టుకు ఢిల్లీ దాకా పోవాలని భయపడకు. కాపీరైట్ చట్టం 62వ సెక్షన్ ప్రకారం హక్కుదారు తాను నివసించే, వ్యాపారం చేసుకునే చోటి జిల్లా కోర్టులోనే దావా వేయొచ్చు. దావా విలువ 3 లక్షలు, ఆ పైన ఉంటే కమర్షియల్ కోర్టుకు పోతుంది. అక్కడ ముందు మధ్యవర్తిత్వానికి వెళ్లాలన్న నిబంధన ఉంది, అత్యవసర మధ్యంతర ఉత్తర్వు కోరితే దాన్నుంచి మినహాయింపు. అది దరఖాస్తులోనే అడగమని వకీలుకు చెప్పు. వాడెవడో తెలియదన్న బెంగా వద్దు. 2022 ఆగస్టులో ఒక కోచింగ్ ఉపాధ్యాయురాలి కేసులోనే, చానల్ నడిపేవారి వివరాలు ఇవ్వమని టెలిగ్రామ్‌ను ఢిల్లీ హైకోర్టు ఆదేశించింది.

దావాకు డబ్బు లేని రోజుల్లో ఇంకో దారి ఉంది. ఐటీ రూల్స్ 2021 కింద ప్రతి వేదికకూ ఫిర్యాదుల అధికారి ఉండాలి, 24 గంటల్లో అందిందని చెప్పాలి, 7 రోజుల్లో తేల్చాలి (2026 ఫిబ్రవరి సవరణకు ముందు 15 రోజులు). సమాధానం నచ్చకపోతే 30 రోజుల్లోగా కేంద్ర ప్రభుత్వ గ్రీవెన్స్ అప్పిలేట్ కమిటీకి ఆన్‌లైన్లోనే అప్పీలు చేయొచ్చు. నెమ్మదిగా సాగుతుంది, కానీ నువ్వే చేసుకోగల పని.

పోలీసు ఫిర్యాదు ఎవరి మీద అన్నది ఆలోచించు. కాపీరైట్ చట్టం 63వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, 50,000 నుంచి 2 లక్షల జరిమానా. ఇది పోలీసులు నేరుగా కేసు కట్టదగిన, బెయిలు హక్కుగా దొరకని నేరమని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. స్టేషన్‌లో ఇది సివిల్ తగాదా అంటే ఆ తీర్పు ప్రతి చేతిలో పెట్టు. అప్పటికీ ఎఫ్‌ఐఆర్ కట్టకపోతే ఎస్పీకి పోస్టులో రాయి. అమ్మేవాడి మీద పెట్టు, 99 పెట్టి కొన్న పేద పిల్లల మీద వద్దు. వాళ్లకు ఊరికే లీగల్ బెదిరింపులు పంపకు. ఆధారం లేని బెదిరింపుల మీద 60వ సెక్షన్ కింద నీ మీదే దావా వేసే వీలుంది. 1930 నంబరు డబ్బు మోసాలకు, దీనికి ఉపయోగం తక్కువ.

నీ సంస్థ పేరుతోనే చానల్ నడుపుతున్నారన్నావు. అది ట్రేడ్‌మార్క్ సంగతి. ముందు ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న సంస్థల నమోదు) చేయించు, అది ఉచితం, ఎవడైనా డబ్బు అడిగితే ఇవ్వకు. ఆ సర్టిఫికెట్‌తో ట్రేడ్‌మార్క్ దరఖాస్తు ఫారం టీఎం-ఎ ఆన్‌లైన్లో వేస్తే క్లాసుకు (సరుకు, సేవల వర్గానికి) 9,000 బదులు 4,500. నీకు కావలసింది 41 (బోధన), తర్వాత 16 (అచ్చు పుస్తకాలు).

చిన్న సినిమా తీస్తున్న నీ స్నేహితుడికి మాత్రం దారి వేరు. 2023లో సవరించిన సినిమాటోగ్రాఫ్ చట్టం కింద సమాచార ప్రసార శాఖ సినిమా పైరసీ ఫిర్యాదులు తీసుకునే నోడల్ అధికారులను పెట్టింది, వాళ్ల ఆదేశం వస్తే 48 గంటల్లో తీసేయాలి. పాఠాల వీడియోలకు ఆ దారి వాడబోయి రోజులు పోగొట్టుకోకు.

మాస్టారితో బదలాయింపు కాగితం ఈ ఆదివారంలోగా రాయించు. పార్ట్-ఎ నింపి, 75వ నియమం ఫిర్యాదు చిత్తుప్రతితో కలిపి నాకు పంపు, చూసి తిప్పి పంపుతాను. అప్పటిదాకా ఆ చానల్ జోలికి పోకు.

మీ బాబాయ్