నడుము నొప్పి ఉన్నవాళ్లు బరువులు ఎత్తొచ్చా?

ప్రశ్న: నా వయసు 39. బెంగళూరు మారతహళ్లిలో ఉంటాం. ఐటీ ఉద్యోగం. ఎనిమిది నెలలుగా నడుము నొప్పి. ఎమ్మారైలో నడుము కింది భాగంలో, ఎల్4-ఎల్5 అనే వెన్నుపూసల మధ్య మెత్తగా ఉండే డిస్క్ కొద్దిగా ఉబ్బిందన్నారు. నొప్పి కాళ్లలోకి పాకడం, తిమ్మిర్లు లేవు. ఫిజియోథెరపిస్ట్ బరువులతో వ్యాయామం చేయమంటున్నారు. మా అత్తయ్యగారేమో సిజేరియన్‌లో వెన్నుకిచ్చిన ఇంజెక్షన్ వల్లే ఇదంతా, వాటర్ క్యాన్ కూడా ముట్టుకోవద్దంటున్నారు. ఏం చేయమంటారు? – ఒక పాఠకురాలు

జవాబు: ఫిజియోథెరపిస్ట్ చెప్పినట్టే చేయండి. ముందు ఆ ఇంజెక్షన్ సంగతి. సూది గుచ్చినచోట కొన్నాళ్లు నొప్పి ఉండొచ్చు. అంతేగానీ ఏళ్ల తర్వాత వచ్చే నడుము నొప్పికి అది కారణమని పరిశోధనల్లో తేలలేదు. గర్భంలో సాగిన పొట్ట కండరాలు, పసిబిడ్డను ఎత్తుకుని తిరగడం, నిద్రలేమి, గంటల తరబడి కూర్చునే ఉద్యోగం... వీటికి పడాల్సిన నింద పాపం ఆ సూదికి పడుతోంది.

ఎమ్మారై రిపోర్టు చూసి కూడా బెంబేలెత్తకండి. ఏ నొప్పీ లేని ముప్పైల వయసువాళ్లకు స్కాన్ తీసినా సుమారు 40 శాతం మందిలో డిస్క్ ఉబ్బు కనిపిస్తుంది. మీ ఇబ్బంది ఎక్కువగా కండరాల దగ్గరే ఉండి ఉంటుంది. నొప్పికి భయపడి వంగడం, ఎత్తడం మానేస్తాం. దాంతో వీపు, పిరుదుల కండరాలు నీరసిస్తాయి. ఆపైన చిన్న బరువుకే నడుము పట్టేస్తుంది. దీర్ఘకాలిక నడుము నొప్పిపై ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ఇచ్చిన మార్గదర్శకాలు పద్ధతి ప్రకారం చేసే వ్యాయామాన్ని సిఫార్సు చేశాయి. నడుము బెల్టులు, ట్రాక్షన్ (బరువులతోనో యంత్రంతోనో నడుమును లాగిపట్టడం) మామూలు చికిత్సగా వద్దన్నాయి.

'ఇంటి పనంతా నేనే చేస్తా, అది వ్యాయామం కాదా డాక్టర్' అని చాలామంది అడుగుతారు. అలసట నిజమే. కానీ రోజూ అదే బరువు, అదే భంగిమ. బరువు కొంచెం కొంచెంగా పెరిగితేనే కండరం బలపడుతుంది.

మొదటి రెండు వారాలు బరువులు వద్దు. కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా లేవడం, వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి పిరుదులు పైకెత్తడం చాలు. ఆ తర్వాత వంగడం నేర్చుకోండి. మాప్ కర్రను వీపు మీద నిలువుగా పట్టుకుని, మోకాళ్లు కాస్త వదులుగా ఉంచి, పిరుదులు వెనక్కి నెడుతూ వంగాలి. తల వెనక, వీపు పైభాగం, పిరుదుల పై ఎముక, ఈ మూడు చోట్లా కర్ర తగులుతూనే ఉండాలి. ఎక్కడైనా వదిలేస్తే నడుముతో వంగుతున్నారన్నమాట. బరువు ఎత్తే భంగిమ నేర్చుకోవడానికి ఇది తేలికైన దారి. అది కుదిరాక 4-5 కిలోల డంబెల్‌తో మొదలుపెట్టండి. దాన్ని నేల మీద కాకుండా స్టూలు మీద పెట్టి ఎత్తండి. 8 నుంచి 12 సార్లు, రెండు మూడు సెట్లు, వారానికి రెండు మూడు రోజులు, మధ్యలో ఒకరోజు విశ్రాంతి. చివరి రెండుసార్లు కష్టంగా అనిపించాలి. సునాయాసంగా 12 దాటితే బరువు పెంచండి.

చేసేటప్పుడు కాస్త నొప్పి రావచ్చు. అస్సలు లేకపోతే సున్నా, భరించలేనంత ఉంటే పది అనుకుంటే, అది మూడు నాలుగు లోపు ఉండి, మర్నాటికి మామూలు స్థాయికి వస్తే పర్వాలేదు. రాకపోతే బరువు తగ్గించండి, మానేయకండి. నిండు వాటర్ క్యాన్ అంటే 20 కిలోల పైమాటే. ఇప్పుడే దాని జోలికి వెళ్లొద్దన్న అత్తయ్యగారి మాట సబబే. మూడు నాలుగు నెలల తర్వాత ఎత్తడమే మీ లక్ష్యం. బరువు ఎత్తినప్పుడు మూత్రం చుక్కలుగా పడుతుంటే సిగ్గుపడి దాచకండి. కాన్పుల తర్వాత ఇది మామూలే, మూత్రాశయాన్ని కింది నుంచి మోసే కటి కండరాలకు వేరే వ్యాయామాలున్నాయి.

తొడల మధ్య స్పర్శ తెలియకపోయినా, మూత్రం ఆగిపోయినా, మలమూత్రాలపై పట్టు తప్పినా, కాలు బలహీనపడుతున్నా ఆలస్యం చేయకుండా ఎమర్జెన్సీకి వెళ్లండి. జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, పడిపోయాక మొదలైన నొప్పి, గతంలో క్యాన్సర్ ఉంటే వ్యాయామం మొదలుపెట్టే ముందే డాక్టర్‌కు చెప్పాలి. మూడు నెలలు క్రమం తప్పకుండా చేసినా తేడా లేకపోతే మళ్లీ రాయండి, అప్పటికి ఎన్ని కిలోలు ఎత్తుతున్నారో కూడా.