అంత ఫీజు కట్టి పైలట్ చదివించాలా?

ప్రశ్న: మేం డాలస్‌లో ఉంటాం. మా అబ్బాయికి పైలట్ కావాలని పిచ్చి. ఫ్లోరిడాలో ఎంబ్రీ-రిడిల్ అనే ఏవియేషన్ యూనివర్సిటీలో సీటొచ్చింది. ఫీజు, ఫ్లయింగ్ ఖర్చు కలిపితే ఇల్లు తాకట్టు పెట్టాలి. చేర్పించమంటారా?

జవాబు: అమ్మా, ఇల్లు తాకట్టు పెట్టి మాత్రం వద్దు. ఆ యూనివర్సిటీ మంచిదే, ఆ పేరు ఊరికే రాలేదు. కానీ ఎయిర్‌లైన్‌లో విమానం నడపడానికి అమెరికా నిబంధనలు డిగ్రీ అడగవు, విమానం నడిపిన గంటలు అడుగుతాయి. మామూలుగా 1,500 గంటలు కావాలి, ఈ సడలింపుకు ప్రభుత్వ అనుమతి ఉన్న ఇలాంటి యూనివర్సిటీలో ఏవియేషన్ డిగ్రీ చేస్తే 1,000 చాలు. ఆ 500 గంటల తేడా నిజంగానే విలువైనది. అయితే ఆ గంటలు మీరు డబ్బు పోసి కొనేవి కావు, లైసెన్సులొచ్చాక చాలామంది పిల్లలు ఇన్‌స్ట్రక్టర్‌గా పక్క సీట్లో కూర్చుని, జీతం తీసుకుంటూనే లాగ్‌బుక్ (ఎగిరిన గంటల లెక్క రాసే పుస్తకం) నింపుకుంటారు. పైగా నార్త్ డకోటా లాంటి ప్రభుత్వ యూనివర్సిటీలోనూ ఇదే సడలింపు ఉంది.

ముందు ఫస్ట్ క్లాస్ మెడికల్, అంటే పైలట్లకు చేసే ఆరోగ్య పరీక్ష, చేయించండి. రంగులు సరిగ్గా గుర్తుపట్టలేక అక్కడే ఆగిపోయే పిల్లలున్నారు, ఫీజు కట్టాక అది తెలిస్తే తట్టుకోలేం. తర్వాత దగ్గర్లోని ఫ్లయింగ్ స్కూల్లో ప్రైవేట్ పైలట్ లైసెన్స్ తీసుకోనివ్వండి. చిన్న సెస్నా విమానంలో, టెక్సస్ ఎండలో, కుదుపుల మధ్య పది గంటలు ఎగిరాక కూడా అదే పట్టుదల ఉంటే, అప్పుడు స్కాలర్‌షిప్ ఎంతిస్తారో యూనివర్సిటీనే గట్టిగా అడగండి.