వెనక కాళ్లు లేని పైపు కుర్చీ మన బరువుకి ఆగుద్దా?

వెనక కాళ్లు లేకుండా స్టీల్ పైపు వంచి, చెక్క ఫ్రేము, కుషన్ వేసిన చేతుల కుర్చీ కొంటే మన బరువుకి ఆగుద్దా అని కదా మీరడిగింది. ఆగుద్ది, పైపు గురించి భయపడమాకండి, భయపడాల్సింది కుషన్ గురించి.

మా కావలిలో మా పెదనాన్న కొడుక్కి వెల్డింగ్ షాపుండాది. ఇట్టాంటిది చెయ్యన్నా అని ఫోన్లో ఫొటో చూపిస్తే అటూ ఇటూ తిప్పి చూసి "వెనక కాళ్లు ఫొటోలో కట్ అయిపోయినయ్యారా" అన్నాడు. అసలే ఉండవన్నా, 1928 లో మార్సెల్ బ్రాయర్ అనే ఫర్నిచర్ డిజైనర్ చేశాడు, పైపు వంచే ఐడియా ఆయనకి సైకిల్ హ్యాండిల్ చూసి వచ్చిందంట అన్నా. "నిన్ను చిన్నప్పుడు నేను బార్ మీద కూర్చోబెట్టి తిప్పాను, హ్యాండిల్ మీద కాదు" అన్నాడు. సరే, వంపు దగ్గర నొక్కుకుపోకుండా పైపులో ఇసుక దట్టించి వంచాడు, ముందు వంపులో జాయింట్ లేకుండా ఒకటే పైపుగా తెచ్చాడు, బరువంతా పడేది అక్కడే కాబట్టి. కానీ మనసొప్పుకోలా, నేను టీ తాగొచ్చేలోపు వెనక రెండు ముక్కలు అతికించి పెట్టాడు, "పడితే మీ నాయన నన్నంటాడు" అని! పెద్ద గొడవ పెట్టుకుని గ్రైండర్‌తో కోయించా. అప్పుడు ఆయనే కూర్చున్నాడు, మనిషి క్వింటాల్‌కి దగ్గర, కుర్చీ కిందికి దిగి మళ్లా లేచింది, ఇంకోసారి ఊగాడు, ఇంక దిగితే ఒట్టు, గేటు చేయించుకోను వచ్చిన పార్టీతో అందులో కూర్చునే బేరమాడాడు.

ఆ ఊగుడులోనే ఉంది మజా అంతా. 1926 లో మార్ట్ స్టామ్ అనే డచ్చాయన గ్యాస్ పైపు ముక్కలు ఎల్బోలతో బిగించి వెనక కాళ్లు లేని కుర్చీ ముందే చేశాడు గానీ అది బిర్రుగా ఉండేది, ఊగేది కాదు. అయినా 1932 లో జర్మనీ కోర్టు ఆ డిజైన్ స్టామ్‌దేనని తేల్చింది.

ఇక కుషన్. బ్రాయర్ అయితే చెక్క ఫ్రేములో కేన్ అల్లించాడు, గాలాడుద్ది. మనోళ్లకి మాత్రం మెత్తగా, తళతళా మెరిసే రెక్సిన్ కావాల, మే నెల్లో కరెంటు పోయినప్పుడు దాని మీద కూర్చుని లేస్తే చొక్కా వీపుకి అతుక్కుని వచ్చుద్ది. ఫోమ్ డెన్సిటీ, అదే ఎంత దట్టంగా ఉందో, ఎంత అంటే షాపోడు "సూపర్ సాఫ్ట్ సార్" అంటాడు, అదేం జవాబో! ఏడాది తిరక్కుండానే గుంట పడుద్ది. దానికి తోడు షోరూమ్ ప్లాస్టిక్ కవరు తియ్యకుండా వాడే ఇళ్లు, అతిథుల్ని చెమటలో ఉడకేసేదానికా అది? నేను చెక్క ఫ్రేముకి నవారు అల్లించి పైన పల్చగా బూరుగు దూది దిండు వేశా, ఎప్పుడన్నా ఎండలో వేసి దులుపుకుంటే సరిపోద్ది.

మీది కూడా సముద్రం దగ్గరూరైతే చవక క్రోమ్ పూత పైపు జోలికి పోమాకండి, మాకు తుమ్మలపెంట బీచ్ గాలికే ఇనుము తినేస్తా ఉంటది. నేల తుడిచిన నీళ్లు పైపు కింద నిలవకుండా రబ్బరు బుష్‌లు అడిగి వేయించుకోండి, వాళ్లంతట వాళ్లు వెయ్యరు.