పెద్దగా ఎవరికీ తెలియని మంచి ఇండీ గేమ్స్ ఏవైనా చెప్తారా?

ఇండీ గేమ్స్, అంటే పెద్ద కంపెనీలు కాకుండా చిన్న బృందాలో ఒక్కరో సొంతంగా చేసినవి, వాటిలో అందరూ చెప్పేవి వద్దు, ఎవరూ పట్టించుకోనివి చెప్పండి అని అడిగారు. చాలా సంతోషం. ఎందుకంటే ఈ ప్రశ్నకు మామూలుగా వచ్చే జవాబులు చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. హాలో నైట్, స్టార్‌డ్యూ వ్యాలీ, అండర్‌టేల్, సెలెస్ట్. నాలుగూ మంచి గేమ్సే, కాదనను. కానీ లక్షలమంది ఆడేసినవాటిని పట్టుకొచ్చి మరుగునపడ్డ ఆణిముత్యాలు అనడమేమిటి? అలా పది పేర్లు పేర్చేవాళ్ళలో సగంమంది వాటిని చివరిదాకా ఆడి ఉండరని నా గట్టి నమ్మకం.

నేను ముందు ఒక్కదాని గురించే చెప్తాను. చాంట్స్ ఆఫ్ సెనార్. ఫ్రాన్స్‌లోని తులూజ్‌లో రన్‌డిస్క్ అనే చిన్న బృందం చేసింది, 2023లో వచ్చింది. రివ్యూలు రాసేవాళ్ళు బాగానే మెచ్చుకున్నారు. అయినా గేమ్స్ తప్ప వేరే మాటే ఎత్తని నా స్నేహితుల్లో ఒక్కడు కూడా దీని పేరు వినలేదు.

ఒక పెద్ద గోపురం. అంతస్తుకో జాతి, జాతికో భాష. మనకు ఒక్క ముక్క రాదు. గోడల మీద, బోర్డుల మీద, మనుషుల మాటల్లో అన్నీ గుర్తులే. ఎవరేం చేస్తున్నారో, ఎటు చూపిస్తున్నారో గమనించి, ఈ గుర్తుకు అర్థం ఇదై ఉంటుందని దాని కింద మనమే రాసుకోవాలి. అప్పుడప్పుడు ఒక పేజీలో కొన్ని బొమ్మలు వస్తాయి. ఏ బొమ్మకు ఏ గుర్తో అన్నీ సరిగ్గా పెడితేనే ఆ పేజీ ఖాయమవుతుంది. ఒక్కటి తప్పినా ఉలకదు పలకదు.

నేను దీన్ని ఒంటరిగా ఆడలేదు. అసలు చెప్పాలనుకున్నది అదే.

ఆ మధ్య మా అక్క చెయ్యి విరిగి, కుడిచేతికి కట్టుతో కొన్నాళ్ళు మా ఇంట్లో ఉంది. తను జీవితంలో ఒక్క గేమ్ కూడా ఆడలేదు. మౌస్ పట్టుకునే వీలు ఎలాగూ లేదు. నేను ఆడుతుంటే ఊరికే పక్కన కూర్చుంది. ఓ పది నిమిషాలయ్యాక, "ఒరేయ్, ఆ గుర్తు ఇందాక తలుపు దగ్గర కూడా వచ్చింది" అంది. ఇంకాసేపటికి లేచి వెళ్ళి ఒక పాత నోటుపుస్తకం తెచ్చుకుంది. ఎడమచేత్తో ఆ గుర్తుల్ని గీయడం మొదలుపెట్టింది. అలవాటు లేని చెయ్యి కదా, ఒక్కో గీతకు పెన్ను ఆపి, తెర వంక చూసి, మళ్ళీ గీసేది. వంకరటింకరగా, అరచేయంత అక్షరాలు.

నేను గబగబా క్లిక్ చేసుకుంటూ పోతున్నా. తను ఒక్కో గుర్తు మీద నిమిషం గడుపుతోంది. అందుకే నాకు కనబడనివి తనకు కనబడ్డాయి. ఒకే తరహా మాటలకు గుర్తుల్లో ఒకే గీత ఉంటుందని ముందు కనిపెట్టింది తనే.

మొదటి అంతస్తు వాళ్ళ భాషలో మనిషి అనే గుర్తు ఒక్కోచోట రెండుసార్లు పక్కపక్కనే వస్తుంది. మనం 'పెద్ద పెద్ద', 'పద పద' అంటాం కదా, అలా ఏదో నొక్కి చెప్తున్నారు అనుకున్నాను నేను. ఆ లెక్కన చదివితే ఏ వాక్యమూ అతకలేదు. రెండు గంటలు అదే గోడ ముందు తచ్చాడాను. అక్క తన పుస్తకంలో ఆ జంట గుర్తు వచ్చిన చోట్లన్నీ ఒక పేజీకి చేర్చింది. చేర్చి, "ఇది వచ్చిన ప్రతిచోటా ఒక మనిషి కాదురా, చాలామంది ఉన్నారు. వీళ్ళకి 'లు' లేదు, అందుకని మాటనే రెండుసార్లు అంటున్నారు" అంది. బహువచనం! ఆ తర్వాత పది నిమిషాల్లో మూడు బోర్డులు చదివేశాం. కట్టున్న చేతిని కూడా పైకెత్తి అరిచింది తను, నొప్పి గుర్తు రాలేదు.

తర్వాత నేనొక తప్పు చేశాను. రెండో అంతస్తులో సైనికులుంటారు. కింద ఉండే భక్తుల్ని వాళ్ళు ఒక మాటతో పిలుస్తారు. అదేమిటో తెలియక ఒక సాయంత్రమంతా పోయింది. రాత్రి అక్క పడుకున్నాక ఎవరో పెట్టిన వీడియో తెరిచి చూసేశాను. అపవిత్రులు అని అర్థం. మర్నాడు ఏమీ తెలియనట్టు ఆ మాట టైప్ చేశాను. "ఎలా తెలిసింది?" అని అడిగింది. ఊహించానన్నాను. అబద్ధమని నా ముఖంలోనే చదివేసింది. పుస్తకం మూసి, "ఇన్ని రోజులు కష్టపడింది దాని కోసమేరా. కింద వాళ్ళతో మనం అంతసేపు ఉన్నాం కదా, వాళ్ళ గురించి వీళ్ళు అలా అంటున్నారని నాకు నేనుగా తెలిస్తే ఎంత బాగుండేది" అంది. ఆ రోజంతా గేమ్ జోలికి రాలేదు. ఇప్పటికీ అది తలుచుకుంటే నాకు బాధే.

అందుకే ఇలాంటి గేమ్స్‌కి జవాబులు చూపించే వీడియోలంటే నాకు పట్టరాని కోపం. పైగా వీడియో మీద పెట్టే బొమ్మలోనే ముగింపు కనబడేలా పెడతారు. చూసి ఆడితే ఆడినట్టు కాదు, నా మాట నమ్మండి. చేసినవాళ్ళు ఎంత ఆలోచించి కట్టుదిట్టం చేశారో చూడండి. లూకస్ పోప్ ఒక్కడే చేసిన రిటర్న్ ఆఫ్ ది ఓబ్రా డిన్ (2018)లో, 1807లో తిరిగొచ్చిన ఖాళీ ఓడలో 60 మందికి ఏమైందో మనం తేల్చాలి. ముగ్గురివి సరిగ్గా రాస్తేగాని ఒప్పుకోదు. ఒక్కొక్కరికీ పేర్లు మార్చి మార్చి గుడ్డిగా కొట్టుకుంటూ పోతే కుదరకూడదని అలా పెట్టాడు. ఆయన అంత జాగ్రత్తపడితే మనం ఒక్క సెర్చ్‌తో దాన్ని పాడుచేస్తాం.

సరే, మీరు అడిగింది పేర్లు కాబట్టి మరికొన్ని. సైన్స్ (Signs) ఆఫ్ ది సోజర్నర్ (2020) నా లెక్కలో అన్యాయంగా మరిచిపోయిన గేమ్. ఇందులో మాట్లాడటమే పేకాట. మన చేతిలో 10 ముక్కలుంటాయి. ఎవరితో మాట్లాడినా వాళ్ళ ముక్క ఒకటి తీసుకుని, మనది ఒకటి వదిలెయ్యాలి. ఊళ్ళు తిరిగి తిరిగి ఇంటికొచ్చేసరికి చిన్ననాటి స్నేహితుడితో మాట కలవదు. నాకు గొంతులో ఏదో అడ్డుపడినట్టయింది ఆ చోట. లీవె ఓమా (2016)లో మామ్మతో కలిసి అడవిలో పుట్టగొడుగులు ఏరుకుంటూ నడవడమే, ఇంకేం లేదు, ఒక్క పూటలో అయిపోతుంది. నిట్ స్టోరీస్ (2007) ఇప్పటి పిల్లలకు తెలియనే తెలియదు. ఉచితంగా ఇచ్చాడు చేసినాయన, సొంతంగా లెవెల్స్ తయారుచేసుకునే ఎడిటర్‌తో సహా. ఉమురంగి జనరేషన్ (2020)లో చేతిలో కెమెరా ఉంటుంది. ఫోటోలు తీస్తూ తీస్తూ ఉంటే ఆ నగరానికి ఏం ముంచుకొస్తోందో మెల్లగా అర్థమవుతుంది. ఎవరూ నోటితో చెప్పరు.

డిస్కౌంట్ వచ్చిందని ఇవన్నీ ఒకేసారి కొని ఆడకుండా పడెయ్యకండి. ఒకటి తీసుకోండి. ఇంట్లో గేమ్స్ ఆడని మనిషి ఎవరైనా ఉంటే పక్కన కూర్చోబెట్టుకుని, చేతికి పెన్నూ కాగితం ఇవ్వండి.

అక్క కట్టు విప్పేలోపే చాంట్స్ ఆఫ్ సెనార్ ముగించేశాం. చివర్లో ఒక జాతి మాట ఇంకో జాతికి చేరవేసే పని మనదే. ఆ దుబాసీ పని మొత్తం తనే చేసింది, నేను మౌస్ కదిపానంతే. ఇప్పుడు తను వాళ్ళింట్లో, నేను ఇక్కడ. ఇద్దరం హెవెన్స్ వాల్ట్ (2019) మొదలుపెట్టాం. అదీ పురాతన లిపి చదివే గేమే. కానీ మనం తప్పుగా ఊహించినా వెంటనే తప్పని చెప్పదు, ఆ తప్పు అర్థంతోనే కథ ముందుకు పోతుంది. నదుల మీద పడవ ప్రయాణం మాత్రం మరీ సాగదీశారు, అది భరించాలి. ఒక మాట దగ్గర మాకు పేచీ వచ్చింది. నేను వెలుగు అంటున్నాను, అక్క కాదు, నీళ్ళు అంటోంది. వారమైంది, ఇంకా తేలలేదు. ఇద్దరం ఎక్కడా వెతకలేదు.