కారు అమ్మేశాక ఆర్‌సీ పాత ఓనర్ పేరు మీదే ఉంటే ఏమవుతుంది?

మీరు నల్గొండలో కారు అమ్మారు, డబ్బులు, తాళాలు చేతులు మారాయి కానీ కొన్నాయన "పేరు తర్వాత మార్చుకుంటాలే" అంటున్నాడు. అదీ ప్రశ్న. చట్టం దృష్టిలో ఓనర్ ఇంకా మీరే. విజయవాడ హైవే మీద ఆయన స్పీడుగా పోతే చలానా మీకొస్తుంది. అది చిన్న విషయం. యాక్సిడెంట్ అయి, ఆ రోజుకు ఇన్సూరెన్స్ లేకపోతే పరిహారం బాధ్యత ఆర్‌సీలో పేరున్నవాళ్లదేనని సుప్రీంకోర్టు 2018లో స్పష్టంగా చెప్పింది. నోటరీ చేయించిన అమ్మకం కాగితం ఉందిగా అని ధీమాగా ఉండకండి, అది ఆర్‌సీని మార్చదు.

ఆర్‌సీలో పేరు మారడానికి రెండు ఫారాలున్నాయి: ఫారం 29 అమ్మినట్టు తెలిపేది, ఫారం 30 పేరు మార్పు దరఖాస్తు. రాష్ట్రంలోపలే అమ్మితే అమ్మిన 14 రోజుల్లో ఆర్‌టీఓకు తెలపాల్సింది మీరే. ఖాళీ ఫారాల మీద సంతకాలు పెట్టి బ్రోకర్ చేతిలో పెట్టడం మన దగ్గర మామూలే, నా మటుకు అది వద్దంటాను. లోన్ తీరినా ఆర్‌సీలో బ్యాంకు పేరుంటే ముందు ఫారం 35తో తీయించాలి. కొన్నాయన ఇన్సూరెన్స్‌ కూడా తన పేరుకు మార్పించుకోవాలి. నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో వచ్చే తగ్గింపు) మాత్రం మీదే, కొత్త కారుకు వాడుకోవచ్చు.